మే నెలలో హూడీ ఎందుకు?

మే నెల, మధ్యాహ్నం రెండు. హైటెక్ సిటీలో ఎండలో పెట్టిన బైక్ సీటు మీద చెయ్యి వేస్తే అట్ల పెనమే. అదే లిఫ్టెక్కి ఆఫీసులోకి వెళ్లి చూడండి.. సగం మంది హూడీల్లో ఉంటారు. కొందరి కుర్చీలకు శాలువాలు వేలాడుతుంటాయి. ఒకరిద్దరైతే టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని వేళ్లు వెచ్చబెట్టుకుంటుంటారు.

బయట 42 డిగ్రీలు. లోపల 21. ఈ తేడాని మనం కరెంటు పెట్టి కొంటున్నాం. కొన్నాక ఆ చలి తట్టుకోలేక, డబ్బులు పెట్టి హూడీ కూడా కొంటున్నాం!

తమాషా ఏంటంటే, ఇలాంటి టవర్ల బ్రోషర్ తీస్తే మొదటి పేజీలోనే ‘స్మార్ట్ బిల్డింగ్’ అని ఉంటుంది. సెన్సర్లు ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ ఉంది, ఆటోమేషన్ ఉంది. మరి ఇంత తెలివైన బిల్డింగ్‌కి మనం వణుకుతున్న సంగతి ఎందుకు తెలియట్లేదు? ఈ వారం మన ముచ్చట అదే.

నెత్తి మీద గాలి ఎక్కడి నుంచి వస్తోంది?

పెద్ద ఆఫీసుల్లో ఇంట్లోలాగా గదికో స్ప్లిట్ ఏసీ ఉండదు. చిల్లర్ అనే ఓ భారీ యంత్రం నీళ్లని సుమారు 7 డిగ్రీలకి చల్లబరుస్తుంది. ఆ నీళ్లు పైపుల్లో ప్రతి ఫ్లోర్‌కీ వెళ్తాయి. అక్కడ ఏహెచ్‌యూ, అంటే ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్ ఉంటుంది. అందులోని ఫ్యాన్ గాలిని ఆ చల్లటి పైపుల మీదుగా లాగి, సీలింగ్ పైన ఉన్న డక్టుల్లోంచి మన నెత్తి మీదకి వదులుతుంది. మన దగ్గర వేడెక్కిన నీళ్లు మళ్లీ చిల్లర్‌కి చేరతాయి. ఆ వేడిని కూలింగ్ టవర్లు బయటికి వదిలేస్తాయి.

ఇదంతా నడిపించే సాఫ్ట్‌వేరే బీఎంఎస్, అంటే బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. ఏ ఫ్లోర్‌లో ఎంత ఉష్ణోగ్రత ఉంది, ఏ వాల్వు ఎంత తెరుచుకుంది, ఏ ఫ్యాన్ ఎంత స్పీడులో తిరుగుతోంది.. అన్నీ దాని స్క్రీన్ మీద కనిపిస్తాయి. ఈ యంత్రాలు మాట్లాడుకునే భాషల్లో ఒకటి బ్యాక్‌నెట్, అది 1995లో స్టాండర్డ్ అయింది. ఇంకోటి మోడ్‌బస్, అది 1979 నాటిది. మనం స్టాండప్ మీటింగుల్లో ‘లెగసీ’ అని తిట్టుకునే కోడ్ కన్నా చాలా పాతది. ఇప్పటికీ బేస్‌మెంట్లలో భేషుగ్గా నడుస్తోంది.

మరి ‘స్మార్ట్’ అంటే ఏంటి? సింపుల్‌గా చెప్పాలంటే, అవసరం లేని చోట ఆపడం, అవసరం ఉన్నంతే నడపడం. జనం వచ్చే టైముకి ఏసీ ఆన్ చేసి, వెళ్లిపోయే టైముకి ఆపేయడం. కాన్ఫరెన్స్ రూమ్‌లో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచి, మనుషులు ఎక్కువైతే బయటి గాలి పెంచడం, తగ్గితే తగ్గించడం. ఓ వాల్వు ఇరుక్కుపోయి ఒక మూల చలి, ఇంకో మూల ఉక్కగా ఉంటే పట్టేసి చెప్పడం.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది ఫ్యాన్ లెక్క. ఫ్యాన్ స్పీడు తగ్గిస్తే కరెంటు అదే నిష్పత్తిలో తగ్గుతుందనుకుంటాం. కాదు. ఫ్యాన్‌కి కావాల్సిన పవర్, స్పీడు ఘనానికి అనుగుణంగా మారుతుంది. ఇంజినీరింగ్‌లో బట్టీ పట్టి వదిలేసిన సూత్రమే. స్పీడు 80 శాతానికి తగ్గిస్తే 0.8ని మూడుసార్లు గుణించండి.. 0.512. అంటే గాలి ఐదో వంతు తగ్గితే, కరెంటు దాదాపు సగం తగ్గిపోతుంది. సగం స్పీడులో అయితే ఎనిమిదో వంతు పవరే చాలు. అసలు డక్టులు, మోటార్ల నష్టాల వల్ల ఈ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది కానీ, లాభం మాత్రం పెద్దదే. అందుకే ఏహెచ్‌యూ మోటార్లకి స్పీడు మార్చే వీఎఫ్‌డీ అనే పరికరం పెడతారు. అది తన పని తాను చేసుకుంటే బిల్లు తగ్గాల్సిందే.

‘తన పని తాను చేసుకుంటే’.. కిటుకంతా ఇక్కడే ఉంది.

బీఎంఎస్ రూమ్‌లో అన్న చెప్పింది

ఓ శనివారం మా టీమ్‌కి రిలీజ్ ఉంది. ఆరుగురం వచ్చాం. వీకెండ్ ఏసీ కావాలంటే ముందే ఫెసిలిటీస్‌కి మెయిల్ పెట్టాలి. పెట్టాం. మధ్యలో ఖాళీ దొరికితే, ఎలాగూ ఈ కాలమ్‌కి పనికొస్తుందని కింద రెండో బేస్‌మెంట్‌లో ఉన్న బీఎంఎస్ రూమ్‌కి వెళ్లాను. అక్కడి ఆపరేటర్ అన్నది కరీంనగర్ వైపు. ఐటీఐ చదివి, కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. టీ తెచ్చి కుర్చీ చూపించాడు.

స్క్రీన్ మీద మా ఫ్లోర్ మ్యాప్ ఉంది. సెట్ పాయింట్ 21. పక్కన చిన్న అక్షరాల్లో ‘మాన్యువల్’ అని ఉంది. అంటే సాఫ్ట్‌వేర్ నిర్ణయం తీసుకోవట్లేదు, ఎవరో చేత్తో ఫిక్స్ చేసి పెట్టారు. మా ఫ్లోర్ ఒక్కటే కాదు, సగానికి పైగా ఫ్లోర్లు అలాగే ఉన్నాయి.

“ఆటోలో పెట్టొచ్చు కదన్నా?” అన్నాను.

“పెట్టొచ్చు సార్. పెడితే గంట గంటకు కొంచెం అటు ఇటు అయితది. ఉక్కగా ఉందని నిమిషానికో ఫోన్ వస్తది. చల్లగా ఉందని ఇన్నేండ్లల్ల ఒక్కరన్న చేసిండ్రా? హూడీ వేసుకుంటరు, ఊకుంటరు.”

“మరి కరెంటు బిల్లు?”

“బిల్లు ఎక్కువొస్తే నన్నెవ్వరు అడగరు. పైన పెద్ద సార్‌కు చెమట పడితే మాత్రం నా నౌకరీకే మాట వస్తది.”

నేను చదివిన ఏ వైట్‌పేపర్‌లోనూ ఇంత సూటిగా రాయలేదు. కోట్లు పెట్టి కొన్న సిస్టమ్ ఉంది. కానీ దాన్ని నడిపే మనిషికి కరెంటు ఆదా చేస్తే వచ్చేదేమీ లేదు, ఆదా చేయబోతే మాత్రం పోయేది ఉంది. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? 21లో పెట్టి, మాన్యువల్‌లో లాక్ చేస్తారు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

ఆ రోజు మా ఆరుగురి కోసం నడిచిన ఏసీ లెక్క కూడా చూద్దాం. 30 వేల చదరపు అడుగుల ఫ్లోర్‌కి సుమారు 100 టన్నుల కూలింగ్ పెడతారనుకోండి. (ఏసీలో ‘టన్ను’ అంటే బరువు కాదు. పాతకాలంలో ఒక టన్ను ఐస్ 24 గంటల్లో కరిగితే ఎంత చల్లదనం వస్తుందో, అంత.) శనివారం కాబట్టి సగం లోడే అనుకుందాం, 50 టన్నులు. చిల్లర్, పంపులు, ఫ్యాన్లు అన్నీ కలిపి టన్నుకి గంటకి ఒక యూనిట్ వేసుకుంటే, ఎనిమిది గంటలకి 400 యూనిట్లు. నెలకి 200 యూనిట్లు కాల్చే ఇంటికి అది రెండు నెలల కరెంటు. ఆరుగురు మనుషులు, ఆరు ల్యాప్‌టాప్‌లు, ఒక్క రోజు! మమ్మల్ని ఓ చిన్న మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి ఆ ఒక్క జోన్ ఆన్ చేసి ఉంటే ఇందులో చాలా మిగిలేది.

మన దేశంలో కరెంటు ఇప్పటికీ ఎక్కువ శాతం బొగ్గు నుంచే వస్తోంది. సింగరేణి గనుల్లో తవ్విన బొగ్గు రామగుండంలో మండితే, ఆ వేడిలో కొంత ఇక్కడ మన హూడీకి కారణమవుతోంది.

21 డిగ్రీలు అని ఎవరన్నారు?

ఆఫీసులో మనిషికి ఎంత ఉష్ణోగ్రత హాయిగా ఉంటుందనే లెక్కలకి పునాది వేసింది డెన్మార్క్‌కి చెందిన ఫాంగర్ అనే ప్రొఫెసర్. 1970లో ఆయన పుస్తకం వచ్చింది. గాలి వేడి, తేమ, గాలి వేగం, వేసుకున్న బట్టలు, మన శరీరం పుట్టించే వేడి.. ఇవన్నీ కలిపి ఓ సూత్రం కట్టాడు. మంచి సూత్రమే. కానీ 2015లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో ఇద్దరు డచ్ పరిశోధకులు ఓ సంగతి బయటపెట్టారు. శరీరం పుట్టించే వేడికి వాడుతున్న స్టాండర్డ్ విలువ, 40 ఏళ్ల వయసు, 70 కిలోల బరువున్న సగటు మగాడిదట. ఆడవాళ్ల విషయంలో ఆ విలువ అసలు కన్నా ఎక్కువ చూపిస్తోంది. ఆఫీసులో శాలువాలు ఎవరి కుర్చీలకి ఎక్కువ వేలాడుతుంటాయో ఓసారి గమనించండి.

మరి మన దేశం సంగతి? అహ్మదాబాద్‌లోని సెప్ట్ యూనివర్సిటీ వాళ్లు ఐదు రకాల వాతావరణాలున్న నగరాల్లో ఆఫీసులకి వెళ్లి, అక్కడ పనిచేసేవాళ్లనే అడిగి, ఆరు వేలకు పైగా జవాబులు సేకరించారు. అలా 2014లో వచ్చిందే ‘ఇండియా మోడల్ ఫర్ అడాప్టివ్ కంఫర్ట్’. విదేశీ మోడల్స్ ఊహించిన దానికన్నా ఎక్కువ వేడిలోనూ మనవాళ్లు హాయిగానే ఉంటున్నారని అందులో తేలింది. ఆ మోడల్‌కి 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో చోటు కూడా దక్కింది.

కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ (ఫ్రిజ్ మీద స్టార్లు వేసేది వీళ్లే) చెప్పే లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఏసీ సెట్టింగ్ ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది. స్టార్ రేటింగ్ ఉన్న రూమ్ ఏసీలు 2020 జనవరి నుంచి ఆన్ చేయగానే 24తోనే మొదలవ్వాలనే రూల్ వచ్చింది కూడా అందుకే. ఇంట్లో ఏసీ 24 దగ్గర మొదలవుతోంది, ఆఫీసులో మాత్రం 21లో లాక్ అయి కూర్చుంది.

పోచారంలో జరిగిన ఏ/బీ టెస్ట్

‘ఇవన్నీ చెప్పడానికి బాగానే ఉంటాయి బ్రో, నిజంగా పనిచేస్తాయా?’ అని అడిగేవాళ్ల కోసం మన హైదరాబాద్ ఉదాహరణే ఉంది. పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఎస్‌డీబీ-1 అనే బిల్డింగ్. సుమారు రెండున్నర లక్షల చదరపు అడుగులు. దాన్ని సరిగ్గా రెండు సమాన భాగాలుగా కట్టారు. ఒకే గోడలు, ఒకే కిటికీలు, ఒకే లైట్లు, రెండు వైపులా ఒకే రకం పని. తేడా ఒక్కటే. ఒక వైపు మామూలు పద్ధతి, చల్లటి గాలిని డక్టుల్లో పంపడం. ఇంకో వైపు రేడియంట్ కూలింగ్.

రేడియంట్ అంటే కాంక్రీట్ శ్లాబులో పైపులు పరిచి, వాటిలో చల్లటి నీళ్లు పారించడం. శ్లాబు చల్లబడి, కింద ఉన్న మనుషుల వేడినీ, కంప్యూటర్ల వేడినీ లాగేసుకుంటుంది. ఎండాకాలం పాత గుడి మండపంలోకి అడుగుపెడితే రాతి చల్లదనం ఒంటికి తెలుస్తుంది కదా, అలాంటిదే. ఒకే పరిమాణంలో తీసుకుంటే, గాలి కన్నా నీళ్లు దాదాపు 3,400 రెట్లు ఎక్కువ వేడిని మోయగలవు. అందుకే పెద్ద ఫ్యాన్లు తిప్పే బదులు చిన్న పంపులు సరిపోతాయి. నీళ్లు 7 డిగ్రీలంత చల్లగా ఉండక్కర్లేదు కాబట్టి చిల్లర్‌కీ శ్రమ తక్కువ. చల్లటి గ్లాసు బయట నీటి చుక్కలు పట్టినట్టు సీలింగ్‌కి పట్టకుండా, లోపలికి పంపే గాలిలో తేమ ముందే తీసేస్తారు. ఆ తేమ మీద సెన్సర్లు నిత్యం ఓ కన్నేసి ఉంచాలి.

ఫలితాలు 2014లో అమెరికాలోని ఆష్రే సంస్థ జర్నల్‌లో వచ్చాయి. మొదటి రెండేళ్లలో ఏసీ కోసం రేడియంట్ వైపు వాడిన కరెంటు, మామూలు వైపు కన్నా 34 శాతం తక్కువ. ఆ మామూలు వైపు కూడా చెత్తగా కట్టిందేం కాదు, అదీ మంచి డిజైనే. పెట్టుబడి ఖర్చు రెండిటికీ దాదాపు సమానం. లోపల కూర్చున్నవాళ్లని అడిగితే, రేడియంట్ వైపు ఉన్నవాళ్లే ఎక్కువ సంతృప్తిగా ఉన్నారు.

మనం యాప్‌లో బటన్ రంగు మార్చాలన్నా ఏ/బీ టెస్ట్ పెడతాం. వీళ్లు బిల్డింగ్‌కే పెట్టారు. నన్ను ఆకట్టుకుంది పైపుల కన్నా ఆ అలవాటే. రెండు వైపులా విడిగా మీటర్లు పెట్టారు, రెండేళ్లు ఓపిగ్గా లెక్క రాశారు, నలుగురికీ కనిపించేలా ప్రచురించారు. లెక్క అడిగేవాళ్లు ఉన్నచోట సెన్సర్లకి విలువ ఉంటుంది. అడిగేవాళ్లు లేకపోతే అవి సీలింగ్ అలంకారమే.

మిగిలిన డబ్బు ఎవరిది?

బేస్‌మెంట్ నుంచి వచ్చాక మా టీమ్‌లో మాట్లాడుకున్నాం. తర్వాతి వారం మా ఫ్లోర్ నుంచి ఓ పద్నాలుగు మందిమి ఒకే మెయిల్ మీద సంతకాలు పెట్టాం. ‘చలిగా ఉంది. రెండు వారాలు 24లో, ఆటోలో పెట్టి చూడండి. ఎవరికైనా ఉక్కగా ఉంటే మాకు చెప్పండి, ఆపరేటర్ మీద పడొద్దు’ అని రాశాం. ఆ చివరి వాక్యం వల్లే పని జరిగిందని నా నమ్మకం.

మొదటి మూడు రోజులు సాయంత్రం నాలుగింటికి పడమటి అద్దాల పక్క సీట్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. వాళ్లది న్యాయమే, ఎండ నేరుగా పడుతోంది. అక్కడ బ్లైండ్లు దింపి, ఆ ఒక్క జోన్ 23లో ఉంచారు. మిగతా ఫ్లోర్ 24లోనే ఉండిపోయింది. అన్న ఫోన్ చేసి మరీ చెప్పాడు, స్క్రీన్ మీద మా ఫ్యాన్ స్పీడు తగ్గిందని. ఘనం లెక్క గుర్తుంది కదా?

ఎంత మిగిలింది అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. ఎందుకంటే మా ఫ్లోర్ ఏసీకి విడిగా మీటర్ లేదు. టవర్ మొత్తం కూలింగ్ ఖర్చుని చదరపు అడుగుల లెక్కన అన్ని కంపెనీలకీ పంచి, మెయింటెనెన్స్ బిల్లులో వేస్తారు. మేం పొదుపు చేస్తే ఆ లాభం ఇరవై ఫ్లోర్లకి చిల్లరలా పంచుకుపోతుంది. బిల్డర్ కొత్త యంత్రం కొంటే ఖర్చు ఆయనది, మిగిలేది అద్దెకున్నవాళ్లకి. ఇక ఎవరు ముందుకొస్తారు? హాస్టల్లో కరెంటు బిల్లు అందరికీ సమానంగా పంచితే రూమ్‌లో లైటు ఎవరాపుతారు చెప్పండి! ఫ్లోర్‌కి వెళ్లే చల్లటి నీళ్లలో ఎంత కూలింగ్ వెళ్తోందో కొలిచే బీటీయూ మీటర్లు ఉన్నాయి. స్మార్ట్ బిల్డింగ్ అనిపించుకోవాలంటే మొదట పెట్టాల్సింది అవే.

చట్టం కూడా ఉంది. 100 కిలోవాట్లు, ఆపైన కనెక్టెడ్ లోడ్ ఉన్న వాణిజ్య భవనాల కోసం ఈసీబీసీ అనే కోడ్ 2007లో వచ్చింది, 2017లో మరింత కట్టుదిట్టమైంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ తమ సొంత రూపంలో దాన్ని తెచ్చుకున్నాయి. కానీ అది ప్రధానంగా బిల్డింగ్ ఎలా కట్టాలో చెప్పే కోడ్. కట్టాక పదేళ్లు దాన్ని ఎలా నడుపుతున్నారన్నది వేరే ప్రశ్న. 21లో లాక్ అయ్యేది అప్పుడే.

ఒక జాగ్రత్త

ఏ సీట్లో మనిషి ఉన్నాడో, ఏ సీటు ఖాళీగా ఉందో బిల్డింగ్‌కి తెలిస్తే కరెంటు ఆదా అవుతుంది. అదే సమాచారం, మీరు టీకి ఎన్నిసార్లు లేచారో కూడా చెప్పగలదు. 2016 జనవరిలో లండన్‌లో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక ఆఫీసుకి వచ్చిన జర్నలిస్టులకి డెస్కుల కింద చిన్న డబ్బాలు కనిపించాయి. మనిషి ఉన్నాడో లేడో కనిపెట్టే సెన్సర్లు అవి. కరెంటు పొదుపు కోసమని యాజమాన్యం చెప్పింది. జర్నలిస్టులు, వాళ్ల యూనియన్ మండిపడటంతో ఆ రోజే తీసేశారు.

సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా నాకు తెలిసింది చెప్తాను. ఏసీ నడపడానికి ‘ఈ జోన్‌లో సుమారు 12 మంది ఉన్నారు’ అని తెలిస్తే చాలు. వాళ్ల పేర్లు అక్కర్లేదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌కి మీ ఎంప్లాయీ ఐడీ తెలియదు, అయినా గదిలో జనం పెరిగారో తగ్గారో అది చెప్పేస్తుంది. ఎవరైనా పేర్లతో సహా డేటా కావాలంటే, అది కరెంటు కోసం కాదని అర్థం చేసుకోవచ్చు.

రేపు ఆఫీసుకెళ్లాక

ఫెసిలిటీస్ వాళ్లని మూడు ప్రశ్నలు అడగండి. మన ఫ్లోర్ సెట్ పాయింట్ ఎంత, ఆటోలో ఉందా, మాన్యువల్‌లో ఉందా? మన ఫ్లోర్ కూలింగ్‌కి విడిగా మీటర్ ఉందా? మన బిల్డింగ్ చదరపు మీటరుకి ఏడాదికి ఎన్ని యూనిట్లు వాడుతోంది? ఈ మూడోదాన్ని ఈపీఐ అంటారు. ఆఫీసు భవనాలకి బీఈఈ ఇచ్చే స్టార్లు ఈ అంకె చూసే ఇస్తారు. ఫోన్ కొనేముందు బ్యాటరీ ఎంత అని అడుగుతాం కదా, ఇదీ అంతే.

వీకెండ్ పనికి వస్తే, ఫ్లోర్ మొత్తం కాకుండా ఒక్క జోన్ ఆన్ చేయమని మెయిల్‌లోనే రాయండి. సెన్సర్ పక్కన కాఫీ మెషీన్, ప్రింటర్ లాంటి వేడి వస్తువులు ఉంటే చెప్పండి. ఆ వేడిని చూసి అది ఫ్లోర్ అంతా ఉడికిపోతోందనుకుంటుంది.

అన్నిటికన్నా తేలికైనది ఇంకోటుంది. హెల్ప్‌డెస్క్ నంబర్ మీ దగ్గర ఉండే ఉంటుంది. ఉక్కగా ఉన్నప్పుడు చేసినట్టే, చలేసినప్పుడు కూడా చేయండి. బేస్‌మెంట్‌లో కూర్చున్న మనిషికి, డిగ్రీ పెంచడానికి ఒక్క కారణమైనా చేతికి ఇచ్చినట్టవుతుంది.